కంప్యూటరుకు పని చెప్పడం ఎట్లా?



మీ సేవ కేంద్రంలో కంప్యూటరు చూశారు. బ్యాంకులో చూశారు. మన చేతిలో ఉండే సెల్‌ఫోను కూడా ఒక చిన్న కంప్యూటరే. అది గబగబా లెక్కలు చేస్తుంది. ఎన్నో సంగతులు దాచిపెడుతుంది. కానీ ఏం చేయాలో దానికి మనిషే చెప్పాలి.

ఎడ్లకు అదిలించి చెబుతాం. మనిషికి మాటతో చెబుతాం. మరి కంప్యూటరుకు ఎట్లా చెప్పాలి? రెండు దారులు ఉన్నాయి. ఒకటి రాసి చెప్పడం. రెండోది బొమ్మ చూపి చెప్పడం. ఈ రెండింటి సంగతి తెలుసుకుందాం.

రాసి చెప్పడం

మన మార్కాపురం పలక అందరికీ తెలుసు. నల్లటి పలక, దాని మీద తెల్లటి అక్షరాలు. మొదట్లో ఆఫీసులకు వచ్చిన చిన్న కంప్యూటర్ల తెర దాదాపు అట్లాగే ఉండేది. తెర మీద బొమ్మలు ఉండేవి కావు. ఒక చోట చిన్న గీత మినుకు మినుకుమంటూ ఉండేది. "ఏం చేయాలో రాయి" అని అడుగుతున్నట్టు ఉండేది. ఆ గీత దగ్గర మనం రాయాలి. బలపంతో కాదు, అక్షరాల మీటలు నొక్కి రాయాలి. ఆ మీటల పలకను కీబోర్డు అంటారు.

1981లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ ఒక చిన్న కంప్యూటరు తెచ్చింది. దానికి డాస్ అనే పద్ధతి ఉండేది. లోపల ఏమేం ఉన్నాయో చూడాలంటే "డిర్" అని రాయాలి. నకలు తీయాలంటే "కాపీ" అని రాయాలి. చెరిపేయాలంటే "డెల్" అని రాయాలి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. ఇట్లా రాసి ఇచ్చే ఆజ్ఞను కమాండ్ అంటారు. ఆజ్ఞ రాసే వరుసను కమాండ్ లైన్ అంటారు.

ఇందులో కష్టం ఏమిటి? ఆజ్ఞలన్నీ గుర్తుండాలి. ఆజ్ఞలో ఒక్క అక్షరం తప్పినా "ఇది నాకు తెలియదు" అంటుంది. ఇంకో కష్టం ఉంది. ఒక కాగితం చెరపబోయి, తప్పుగా ఇంకో కాగితం పేరు రాశామనుకోండి. అది ఆ రెండో కాగితాన్నే చెరిపేస్తుంది. "నిజంగా చెరపమంటావా?" అని అడగదు కూడా. మనం రాసింది చేస్తుంది కానీ, మన మనసులో ఉన్నది చేయదు.

బొమ్మ చూపి చెప్పడం

1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఒక కొత్త పనిముట్టు చూపించాడు. అది గుప్పిట్లో పట్టే చిన్న డబ్బా. దానికి తోకలాగా ఒక తీగ ఉంది. బల్ల మీద దాన్ని జరిపితే తెర మీద ఒక గుర్తు జరుగుతుంది. చూడటానికి ఎలుకలాగా ఉంది కాబట్టి దాన్ని మౌస్ అన్నారు. మౌస్ అంటే ఎలుక.

తర్వాత తెర మీదికి బొమ్మలు వచ్చాయి. 1984లో ఆపిల్ కంపెనీ మాకింటోష్ అనే కంప్యూటరు తెచ్చింది. 1985లో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ తెచ్చింది. విండోస్ అంటే కిటికీలు. 1995లో విండోస్ 95 వచ్చాక ఈ పద్ధతి ఊరూరా పాకింది. కాగితం చెరపాలంటే ఆజ్ఞ రాయక్కరలేదు. చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. కాగితం బొమ్మను అందులో వేస్తే సరి. పొరపాటున వేస్తే మళ్లీ తీసుకోవచ్చు. ఈ రోజు మన సెల్‌ఫోనుకు మౌస్ కూడా అక్కరలేదు. మన వేలే మౌస్.

కొట్టు, సంత

ఈ రెండు దారులకూ తేడా ఏమిటి? కొట్టుకు పోయి పేరు చెప్పి సరుకు అడుగుతాం. పేరు తెలియకపోతే అడగలేం. సంతలో అట్లా కాదు. సరుకంతా కళ్ల ముందు ఉంటుంది. పేరు తెలియకపోయినా "ఇది ఇవ్వు" అని వేలు పెట్టి చూపవచ్చు. రాసి చెప్పడం కొట్టులాంటిది. బొమ్మ చూపడం సంతలాంటిది.

కానీ ఒక సంగతి ఆలోచించండి. పెళ్లికి నలభై రకాల సరుకులు కావాలి. సంతలో ఒక్కొక్కటీ వెతికి ఏరుకోవాలంటే పొద్దుపోతుంది. అదే కొట్టులో చీటీ రాసి ఇస్తే? అన్నీ కట్టి ఉంచుతారు. వచ్చే నెల అదే చీటీ మళ్లీ ఇవ్వవచ్చు.

అందుకే రాసి చెప్పడం ఇంకా పోలేదు. కంప్యూటరు పని తెలిసినవాళ్లు ఆజ్ఞలన్నీ చీటీలాగా రాసి ఉంచుతారు. రోజూ రాత్రి అందరూ నిద్రపోయాక కంప్యూటరు ఆ చీటీ ప్రకారం పని చేసుకుపోతుంది. మన ఊళ్ల నుంచి ఇంజనీరింగు చదవడానికి పోయిన పిల్లల్ని అడగండి. ఆ నల్లటి తెర వాళ్లు చూపిస్తారు.

రైల్వే టిక్కెట్ల సంగతి చూడండి. దేశంలో వేల స్టేషన్లు ఉన్నాయి. జాబితాలో మన ఊరు వెతకాలంటే ఎంతసేపు? అందుకని ప్రతి స్టేషనుకూ పొట్టి పేరు పెట్టారు. మార్కాపురం రోడ్డు స్టేషనుకు ఎం.ఆర్.కె. అనే మూడు అక్షరాలు. ఆ పొట్టి పేరు తెలిసినవారు మూడు మీటలు నొక్కితే చాలు.

మనలాంటి ఆడవాళ్లు, కంప్యూటరు

బొమ్మల కంప్యూటరు చదువు రానివాళ్లకూ అక్కరకు వచ్చింది. 2000 సంవత్సరంలో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కంపెనీ వయోజనులకు కంప్యూటరుతో తెలుగు చదువు మొదలుపెట్టింది. ఎఫ్.సి. కోహ్లీ గారు దీనికి పెద్ద దిక్కు. తెర మీద బొమ్మ కదులుతుంది. మాట వినిపిస్తుంది. అక్షరం కనిపిస్తుంది. సుమారు 40 గంటల పాఠాలతో పేపరు చదివేటట్టు చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. చూడండి, అక్కడ కూడా బొమ్మ తోవ చూపింది. చేరవలసిన చోటు మాత్రం అక్షరమే.

మన ఫోనులో రెండు దారులూ ఉన్నాయి

మీటల ఫోను ఉన్నవాళ్లు *99# అని కొట్టి బ్యాంకు పని చేసుకోవచ్చు. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు నుంచే కొట్టాలి. 2014లో దీన్ని దేశమంతటికీ అందించారు. తెర మీద వరుసగా అంకెలు, మాటలు వస్తాయి. చదివి, కావలసిన అంకె కొట్టాలి. ఇది రాసి చెప్పే దారికి చుట్టం. 2016 డిసెంబరులో భీమ్ యాప్ వచ్చింది. అది పెద్ద తెర ఫోనులో బొమ్మలు నొక్కే దారి.

బొమ్మల దారి సులువు. కానీ అందులోనే ఒక అపాయం ఉంది. సులువు కాబట్టి చదవకుండానే నొక్కుతాం. డ్వాక్రా సంఘం కంతు కట్టబోయి అయిదు వందలకు బదులు అయిదు వేలు పంపిస్తే? ఇంకొకరి పేరుకు పంపిస్తే? పోయిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం. ఇది చెత్తబుట్ట కాదు, మళ్లీ తీసుకోవడానికి.

కొందరు "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అని ఫోను చేస్తారు. నమ్మకండి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. మన డబ్బు పంపడానికి, ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి పిన్ అడుగుతుంది.

కొందరు అక్కలు ఫోను, పిన్ రెండూ ఇంకొకరి చేతిలో పెట్టి "నువ్వే నొక్కు నాయనా" అంటారు. ఒకప్పుడు వేలిముద్ర వేసి కాగితం ఇచ్చేసినట్టే ఇదీ. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. కాబట్టి నొక్కే ముందు మూడు చదవండి. పేరు చదవండి. ఎంత డబ్బో చదవండి. మీట మీద ఏం రాసి ఉందో చదవండి. నిదానంగా, కూడబలుక్కుని అయినా సరే చదవండి. అర్థం కాకపోతే నొక్కకండి. తెలిసినవాళ్లను అడగండి, కానీ పిన్ మాత్రం మీరే కొట్టండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కంప్యూటరుకు పని చెప్పే రెండు దారులు ఏవి?
2. కొట్టులో అడగడానికీ సంతలో ఏరుకోవడానికీ తేడా ఏమిటి?
3. చీటీ రాసి ఇవ్వడం ఎప్పుడు మేలు?
4. డబ్బు పంపే ముందు ఏ మూడు సంగతులు చదవాలి?
5. మీ ఫోనులో రోజూ నొక్కే బొమ్మల కింద ఏం రాసి ఉంది? చదివి, మీ పుస్తకంలో రాయండి.