మద్దిలేటి, ఓబులేసు, దస్తగిరి: సీమ మగపిల్లల పేర్ల వెనక ఊళ్లు

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు, ఆయన వెన్నంటి పోరాడిన వడ్డె ఓబన్న పేరు వినడానికి వేరువేరు. నిజానికి రెండూ ఒకే దేవుడివి. నల్లమల అడవిలోని అహోబిలంలో వెలసిన నరసింహస్వామి అహోబిలేశుడు. జనం నోట నలిగి ఓబులేశుడు, ఓబులేసు అయ్యాడు. ఆ పేరే రెడ్ల ఇంట ఓబులరెడ్డి, మరో ఇంట ఓబయ్య, ఇంకో ఇంట ఓబన్న. ఆడపిల్ల పుడితే ఓబులమ్మ.

రాయలసీమలోని బనగానపల్లె చుట్టుపక్కల మగపిల్లల పేర్లకు అర్థం కావాలంటే నిఘంటువు కన్నా నేల ఎక్కువ చెబుతుంది. ప్రతి పేరు వెనకా ఒక కొండో, ఏరో, గుడో, దర్గానో ఉంటుంది. మనిషి పేరు చెప్పగానే వాళ్లవాళ్లు ఏ గుడి మెట్లెక్కి మొక్కుకున్నారో పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు.

మద్దిలేటి సంగతే చూడండి. ఉమ్మడి కర్నూలు జిల్లా దాటితే ఈ పేరు వినడం అరుదు. బేతంచెర్ల దగ్గర, ఆర్.ఎస్. రంగాపురం పక్కన కొండల నడుమ మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం ఉంది. ‘ఏరు’ అన్న మాట ‘ఏటి’గా మారడం తెలుగులో మామూలే కాబట్టి మద్దిలేటి స్వామి అంటే మద్దిలేరు ఒడ్డు స్వామి. వానలు అంతంతమాత్రమైన ఈ గడ్డ మీద ఒక వాగు పేరు దేవుడి పేరై, ఆ దేవుడి పేరు వేలాది మంది మగవాళ్ల పేరైంది. నీళ్లకు ఈ సీమ ఇచ్చిన విలువ ఇంత చక్కగా ఇంకెక్కడా కనబడదు.

పేరు పెట్టే పద్ధతి కూడా తేలికైనదే. పిల్లలు లేనివాళ్లు, పుట్టిన బిడ్డలు దక్కనివాళ్లు గుడికి వెళ్లి, కొడుకు పుడితే నీ పేరే పెట్టుకుంటామని మొక్కుకుంటారు. పుట్టాక పేరు పెట్టి, పుట్టెంట్రుకలు అక్కడే తీయిస్తారు. అంటే ఆ పేరు దేవుడికి తీర్చిన బాకీ. అందుకే ఇంట్లో నచ్చినా నచ్చకపోయినా దాన్ని మార్చే ధైర్యం ఎవరూ చేయరు. మొక్కిన దేవుడు ఒకడే అయితే అన్నదమ్ములందరికీ అదే పేరు వస్తుంది. అప్పుడు పెద్ద మద్దిలేటి, నడిపి మద్దిలేటి, చిన్న మద్దిలేటి అని పిలుస్తారు.

ఈ పేర్లలో అమ్మవార్ల పాలు చాలా పెద్దది. బనగానపల్లె పక్కనే నందవరంలో చౌడేశ్వరీదేవి గుడి ఉంది. నందవరీక బ్రాహ్మణులకూ, తొగట నేతగాళ్లకూ ఆమె ఇలవేల్పు. ఆమె పేరున పుట్టిన మగవాళ్లు చౌడప్పలు, చౌడయ్యలు, చౌడారెడ్లు. సుంకులమ్మకు మొక్కితే సుంకన్న, సుంకిరెడ్డి. మారెమ్మకు మారెన్న, ఎల్లమ్మకు ఎల్లప్ప, గంగమ్మకు గంగన్న, గంగిరెడ్డి. మీసం తిప్పే మగవాడు ఒక తల్లి పేరు మోస్తూ బతకడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. కరువులో, మశూచిలో, కలరాలో ఊళ్లు పట్టుకుని వేలాడింది ఆ తల్లుల కొంగునే.

యాగంటి ఉమామహేశ్వరుడి పేరున యాగంటయ్యలు, మహానంది పేరున మహానందయ్యలు, శ్రీశైలం పేరున మల్లయ్యలు, మల్లికార్జునలు ఉన్నారు. పడమటి వైపు కౌతాళం ప్రాంతానికి వెళితే ఉరుకుంద నరసింహస్వామిని ఈరన్న అంటారు. అక్కడ ఈరన్నలు, ఉరుకుందప్పలు ఎక్కువ. చివరి ‘అప్ప’ పక్కనున్న కన్నడ గాలి.

ఆంజనేయుడికి సంజీవరాయుడని పేరు. సంజీవి కొండను మోసుకొచ్చినవాడు కనక. కడప జిల్లా వెల్లాల సంజీవరాయస్వామి గుడి సీమంతటా పేరున్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నుంచి 1964 ఫిబ్రవరి దాకా ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నది ఇద్దరే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, మరొకరు కర్నూలు దగ్గర పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య. ఇద్దరి పేరూ ఆంజనేయుడిదే. ఒకరిది భూములున్న రెడ్ల కుటుంబం. మరొకరు దళితవాడలో పుట్టి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయినవారు. దేవుడు అందరికీ ఒక్కడే అయినా, పేరు చివర ‘రెడ్డి’ ఉందా ‘అయ్య’ ఉందా అన్నదాంతో కులం తెలిసిపోయే ఏర్పాటు మాత్రం మనుషులు చేసుకున్నదే. ఈ పేర్లను మెచ్చుకునేటప్పుడు ఆ చేదును దాచడం సరికాదు.

మతం దగ్గర మాత్రం ఈ పేర్లు గోడలు కట్టుకోలేదు. దస్తగిరి అన్నది పారశీకం. చేయి పట్టుకుని ఆదుకునేవాడని అర్థం. బాగ్దాద్‌లో 1166లో కన్నుమూసిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని అలా పిలుస్తారు. మహబూబ్ సుబ్హానీ అన్నదీ ఆయన బిరుదే. ఈ ప్రాంతంలోని ఖాదర్, జిలాని, దస్తగిరి, మాబు సుబాని అన్న నాలుగు పేర్లూ ఆయనవే. దస్తగిరి పేరు ముస్లింల ఇళ్లలోనూ ఉంది, హిందువుల ఇళ్లలోనూ ఉంది. పీర్ల పండగకు మొక్కుకుని పుట్టిన బిడ్డలు హుస్సేనప్పలు, ఇమామయ్యలు, పక్కీరయ్యలు. అనంతపురం జిల్లా గూగూడులో పీర్ల పండగ కుళ్లాయిస్వామి పేరున జరుగుతుంది. కుళ్లాయప్ప, కుళ్లాయిరెడ్డి అన్న పేర్లు అక్కడివే. కౌతాళం దర్గాలోని స్వామి పేరే ఖాదర్‌లింగ. ఖాదరూ లింగమూ ఒకే పేరులో ఒదిగిపోయాయి.

బనగానపల్లె 1948 దాకా షియా నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. ఇదే ఊళ్లో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని జనం నమ్మే పోతులూరి వీరబ్రహ్మంకు అందరికన్నా దగ్గరి శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. ముస్లిం ఇంట పుట్టిన ఆ సిద్ధయ్య పేరును ఇప్పటికీ హిందువులు కొడుకులకు పెట్టుకుంటున్నారు.

దూరదేశాల్లోనూ ఇలాంటి ఆచారం ఉంది. ఐర్లండులో పాతకాలాన తమకు క్రైస్తవం చెప్పిన సెయింట్ పాట్రిక్ పేరును నేరుగా పిల్లలకు పెట్టడానికి జంకేవారు. ‘గిల్లా ఫాడ్రిగ్’, అంటే పాట్రిక్ సేవకుడు, అని పెట్టుకునేవారు. నేటి ఫిట్జ్‌పాట్రిక్ ఇంటిపేరుకు మూలం అదే. సీమవాళ్లకు ఆ జంకు లేదు. దేవుడి పేరు నేరుగా పెట్టి, పొలంలో దూరాన ఉన్నవాణ్ణి ఆ పేరుతోనే అరిచి పిలుస్తారు.

దేవుళ్ల వరసలో ఒక దొర కూడా చేరాడు. స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా, ఈ సీమ కూడా ఉన్న దత్తమండలాల కలెక్టరు. ఊరూరా తిరిగి రైతుల గోడు విన్నాడని పేరు తెచ్చుకున్నాడు. 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తరవాత సీమలో కొందరు కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

చనిపోయిన తాత పేరు మనవడికి పెట్టడం ఇంకో ఆనవాయితీ. కోడలు మామ పేరు నోటితో పలకకూడదు. కొడుక్కేమో ఆ పేరే. అందుకని ఆమె వాణ్ణి ‘సామీ’ అనో ‘అబ్బోడా’ అనో పిలుచుకుంటుంది. రికార్డుల్లో ఓబులేసు అయినవాడు తల్లి నోట ఎప్పటికీ అబ్బోడే.

బిడ్డలు వరసగా పోతుంటే దేవుళ్లను పక్కనపెట్టి మృత్యువునే ఏమార్చే పేర్లు పెట్టేవారు. పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనేవారు. ఎవరికీ అక్కరలేనివాడిలా కనబడితే చావు కూడా కన్నేయదని ఆశ. పక్కింటివాళ్లకు ఇచ్చేసి మళ్లీ భిక్షగా అడుక్కుని తెచ్చుకుంటే పిచ్చయ్య. ఇది వెర్రి పిచ్చి కాదు, భిక్ష. ఉత్తరాంధ్రలో తవుడుకు అమ్మి కొన్నట్టు చేసి తవిటయ్య అన్నారు. ఆ పేర్లను చూసి నవ్వేవాళ్లకు వాటి వెనకున్న తల్లుల భయం తెలియదు.

ఇప్పుడు బడి హాజరుపట్టీల్లో ఈ పేర్లు పలచబడుతున్నాయి. పట్నంలో చదువుకెళ్లిన కుర్రాళ్లు మద్దిలేటి అని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. కొన్ని ఇళ్లలో మొక్కు తప్పకుండా నామకరణం నాడు బియ్యంలో దేవుడి పేరే రాసి, బడిలో ఇంకో పేరు చెబుతున్నారు. కొందరు రెండూ కలుపుతున్నారు. పిల్లవాడు బడిలో సాయి తేజ, జేజినాయన పిలుపులో మాత్రం మద్దిలేటి.