మిత్రదేశాలే, అయినా ఆయుధాల పోటీ!

శత్రుదేశాలు ఒకదాన్ని చూసి ఒకటి ఆయుధాలు కొంటాయంటే అర్థం చేసుకోవచ్చు. మరి ఒకే కూటమిలో ఉన్న ఇరుగుపొరుగు దేశాలు ఎందుకు పోటీపడతాయి? పోటీ పరీక్షలకు చదివే మన హాస్టల్ మిత్రులు నాటో సభ్యదేశాల పేర్లు బట్టీ పడుతుంటారు. ఆ జాబితాలోని గ్రీసు, టర్కీ రెండూ 1952లోనే చేరాయి. ఈ రెండింటి కథలో ఆ ప్రశ్నకు జవాబు ఉందని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తగవు ఎక్కడ?

రెండు దేశాల మధ్య ఏజియన్ సముద్రం ఉంది. అందులోని దీవులు చాలావరకు గ్రీసువి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా సముద్రంపై హక్కు అంతర్జాతీయ చట్టమే ఇచ్చిందని గ్రీసు వాదన. అలా చేస్తే తమ ఓడలు గ్రీసు జలాల గుండా తప్ప బయటికి పోలేవని టర్కీ భయం. అది యుద్ధానికి కారణమవుతుందని 1995లో టర్కీ పార్లమెంటు తీర్మానించింది.

అంతకుముందే 1974లో సైప్రస్ దీవిలో గ్రీసు సైనిక పాలకుల అండతో కుట్ర జరిగింది. వెంటనే టర్కీ సైన్యం దిగింది. ఆ దీవి నేటికీ రెండుగా చీలే ఉంది. 1996లో మనుషులే ఉండని ఇమియా రాతిదిబ్బల కోసం ఇద్దరూ యుద్ధం అంచుదాకా వెళ్లారు. అప్పుడు గ్రీసు హెలికాప్టర్ కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు.

భయం ఎలా పెరుగుతుంది?

ఒకే గదిలో ఒకరు ట్రంకుపెట్టెకు పెద్ద తాళం వేశారనుకోండి. 'నన్ను అనుమానిస్తున్నాడా?' అని పక్కవాడు ఇంకా పెద్ద తాళం తెస్తాడు. ఇద్దరూ రక్షణ కోసమే అంటారు. ఇద్దరికీ నిద్ర మాత్రం పట్టదు. దేశాల సంగతీ అంతే. నాటోలో నిర్ణయాలు అందరి అంగీకారంతోనే జరుగుతాయి కాబట్టి, సభ్యుల మధ్య తగవు వస్తే తీర్పు చెప్పే పెద్ద అక్కడ లేడు.

పైగా తాళాలు అమ్మేవాళ్లూ మిత్రులే. జర్మనీ ఇద్దరికీ జలాంతర్గాములు అమ్మింది. అమెరికా ఇద్దరికీ ఎఫ్-16 విమానాలు ఇచ్చింది. 2006 మే నెలలో ఏజియన్ మీద అలాంటి రెండు విమానాలే ఢీకొని గ్రీసు పైలట్ మరణించాడు.

బిల్లు ఎవరు కడతారు?

సుమారు కోటి జనాభా గల గ్రీసు 2009లో జీడీపీలో దాదాపు 3 శాతం సైన్యానికి ఖర్చు పెట్టింది. 2010లో అప్పులు తీర్చలేక చేయి చాచింది. ఆ అప్పులకు కారణాలు చాలా ఉన్నాయి. ఆయుధాలు వాటిలో ఒకటి. కోతలు మాత్రం పింఛన్ల మీద, జీతాల మీద పడ్డాయి. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. ఆయుధాల కొనుగోళ్లలో ముడుపులు తీసుకుని, ఆ డబ్బును దాచిన కేసులో మాజీ రక్షణమంత్రి అకిస్ సోహజోపులోస్‌కు అదే ఏడాది 20 ఏళ్ల శిక్ష పడింది. అయినా పోటీ ఆగలేదు. 2019లో టర్కీ రష్యా నుంచి ఎస్-400 క్షిపణులు తెచ్చుకుంది. 2021లో గ్రీసు ఫ్రాన్సు నుంచి 18 రఫేల్ విమానాలకు ఒప్పందం చేసుకుంది.

మరో దారి ఉందా?

ఉంది. 1999 ఆగస్టులో టర్కీలో భూకంపం వచ్చి 17 వేల మందికి పైగా చనిపోతే గ్రీసు సహాయక బృందాలు పరుగెత్తాయి. సెప్టెంబరులో ఏథెన్సు కంపిస్తే టర్కీవాళ్లు వచ్చారు. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపం వచ్చినప్పుడూ గ్రీసు ముందుకొచ్చింది. ఆ డిసెంబరులో ఇద్దరూ ఏథెన్సులో స్నేహ ప్రకటనపై సంతకాలు చేశారు. తగవు తీరలేదు గానీ మాటలు మొదలయ్యాయి.

మిత్రులారా! ఏ దేశానికైనా రక్షణ అవసరమే. కాదనము. కానీ ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చే అన్నం తిని, పుస్తకాలు చదువుకుంటున్న మనకు, ఖజానాలో ప్రతి రూపాయీ ఎటు పోతుందో అడిగే బాధ్యత కూడా ఉంది. రీడింగ్ రూములో పేపరు తిప్పేటప్పుడు బడ్జెట్ పేజీ దగ్గర కాసేపు ఆగుదాం.