చెవిలో గొంతులు, చేతిలో ఫోను: తొలిదశ సైకోసిస్‌లో మొబైల్ ఎంతవరకు ఆదుకుంటుంది?

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ ఒకప్పుడు నవాబులు ఏలిన చిన్న సంస్థానం. ఇప్పుడది జీఐడీసీ పారిశ్రామికవాడ. మరమగ్గాలు, అద్దకం మిల్లులు అక్కడ రాత్రింబవళ్లు నడుస్తాయి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి యువకులు సూరత్ పరిశ్రమల్లో పనికి వస్తారు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి నేతకార్మికుల కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నాయి.

మగ్గాల మీద పనిచేసే యువకుల వయసు చాలావరకు 15 నుంచి 30 ఏళ్ల మధ్య ఉంటుంది. సైకోసిస్ అనే తీవ్ర మానసిక సమస్య సాధారణంగా మొదలయ్యేదీ ఈ వయసులోనే. పన్నెండు గంటల షిఫ్టులో, నలుగురైదుగురు పంచుకునే గదిలో, అమ్మానాన్నలకు దూరంగా ఉన్న కుర్రాడిలో మార్పు వస్తే ముందుగా గమనించేది ఎవరు? అతను ఎవరిని అడగాలి? దాదాపు అందరి చేతిలోనూ ఉన్న ఫోను ఇక్కడ పనికొస్తుందా?

సైకోసిస్ అంటే ఏమిటి?

ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం భ్రాంతి. తోటివాళ్లు తనపై కుట్ర పన్నుతున్నారనో, ఫోనులో తన మాటలు రికార్డు చేస్తున్నారనో ఆధారం లేకుండా గట్టిగా నమ్మడం భ్రమ. ఇవి ఒక్కరోజులో రావు. ముందు నిద్ర తగ్గుతుంది, స్నేహితులకు దూరమవుతారు, పనిపై ధ్యాస పోతుంది, చిన్న విషయాలకే అనుమానపడతారు. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లలో ఈ లక్షణాలను అలసట అనుకుని వదిలేయడం తేలిక. ఇంటివాళ్లు దిష్టి అనో, చేతబడి అనో అనుకుని భూతవైద్యుల చుట్టూ తిరగడమూ మామూలే.

ఇలా లక్షణాలు మొదలైన నాటి నుంచి సరైన చికిత్స అందేదాకా గడిచే సమయం చాలా కీలకం. అది ఎంత పెరిగితే, కోలుకోవడం అంత కష్టమవుతుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మనదేశంలో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. వాటిలో గుజరాత్ కూడా ఉంది. తీవ్ర మానసిక సమస్యలున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్స అందడం లేదని ఆ సర్వేలో తేలింది.

జాగును తగ్గించవచ్చు

ఈ జాగు తగ్గించగలిగేదేనని నార్వే చూపించింది. అక్కడి రోగలాండ్ ప్రాంతంలో 1997 నుంచి పత్రికలు, బడుల ద్వారా విస్తృత ప్రచారం చేశారు. పిలిస్తే వెంటనే పలికే వైద్య బృందాలను కూడా ఏర్పాటు చేశారు. దాంతో చికిత్స లేకుండా గడిచే కాలం నెలల నుంచి కొన్ని వారాలకు తగ్గింది. ప్రచారం ఆపేశాక అది మళ్లీ పెరిగింది. అంటే సమాచారం నిరంతరం అందుతూ ఉండాలి, దాని వెనుక పలికే మనిషీ ఉండాలి. మొబైల్ సాధనాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

తెలుగు నేలపైనే దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పశ్చిమగోదావరి జిల్లాలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఒక ప్రాజెక్టు నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగేవారు. సమస్య ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపి, తర్వాత వాళ్లు వెళ్లారో లేదో కనుక్కునేవారు. 2017లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మానసిక ఆరోగ్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. అయితే ఈ ప్రాజెక్టు దృష్టి పెట్టింది కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల వంటి వాటిపై. సైకోసిస్‌కు దీన్ని యథాతథంగా వర్తింపజేయలేం.

యాప్ ఎక్కడ తడబడుతుంది?

మొదటి చిక్కు ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. తనకు జబ్బు ఉందన్న ఎరుకే చాలామందికి ఉండదు. ఫోనే తనపై నిఘా పెడుతోందని భయపడే యువకుడిని ‘మీ వివరాలు నమోదు చేయండి’ అని యాప్ అడిగితే ఆ భయం రెట్టింపవుతుంది. కాబట్టి యాప్ తక్కువ వివరాలు అడగాలి, ఎందుకు అడుగుతోందో చెప్పాలి. ‘పిచ్చి’ లాంటి మాటలు వాడకుండా నిద్ర, భయం, ఒంటరితనం గురించి మాతృభాషలో మాట్లాడాలి. గదిలో ఉండే స్నేహితుడికీ, ఊళ్లోని అన్నకూ విడిగా సలహాలు ఇవ్వాలి.

రెండో చిక్కు లెక్కలది. ఉదాహరణకు వెయ్యి మందిలో పదిమందికి సమస్య ఉందనుకుందాం. ఒక ప్రశ్నావళి సమస్య ఉన్నవారిలో 80 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివారిలో 80 శాతం మందిని సరిగ్గా లేదంటుంది అనుకుందాం. అప్పుడు అది పదిమందిలో ఎనిమిది మందిని గుర్తిస్తుంది. కానీ సమస్య లేని 990 మందిలో 198 మందికి కూడా ‘ఉంది’ అని చెబుతుంది. మొత్తం 206 మందిలో నిజమైనవారు ఎనిమిది మందే. అందుకే యాప్ చెప్పేది రోగ నిర్ధారణ కాదు. డాక్టరుతో ఒకసారి మాట్లాడమన్న సూచన మాత్రమే.

ఇప్పుడు అందుబాటులో ఉన్నది

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ‘టెలీ మానస్’ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు సహా అనేక భారతీయ భాషల్లో శిక్షణ పొందిన సలహాదారులు మాట్లాడతారు. అవసరమైతే నిపుణులకు కలుపుతారు. 2024 అక్టోబరు 10న దీని మొబైల్ యాప్ కూడా వచ్చింది. సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చికిత్స వివరాల గోప్యత రోగి హక్కు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కాబట్టి మిల్లు యజమానికి తెలుస్తుందేమోనన్న భయంతో ఆగిపోనక్కర్లేదు.

ఫోన్ చేయడానికి బాధితుడే ముందుకు రావాలని లేదు. తోటివాళ్లూ చేయవచ్చు. ‘నీకు వినిపించేదంతా అబద్ధం’ అని వాదించడం వల్ల లాభం లేదు. అలాగని ఆ భ్రమకు వంతపాడనూ కూడదు. ‘నాలుగు రోజులుగా నువ్వు నిద్రపోవడం లేదురా, నాకు బెంగగా ఉంది. ఆసుపత్రికి వెళ్దాం, నేనూ వస్తాను’ అనడం మేలు. తనకో ఇతరులకో హాని చేసుకునేలా ఉంటే ఒంటరిగా వదలకుండా వెంటనే 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి.

మందులు, కౌన్సెలింగ్, కుటుంబం అండ తొలిరోజుల్లోనే దొరికితే చాలామంది కోలుకుని మళ్లీ పనిలోకి వెళ్లగలరు. ఆసుపత్రి గుమ్మం దాకా దారి చూపడం ఫోను వల్ల అవుతుంది. చేయి పట్టుకుని ఆ గుమ్మం దాటించడానికి పక్కన మనిషి ఉండాలి.