పైసా తీసుకోరు.. సెగా లైసెన్సూ లేదు! అయినా 1998 నుంచి నడుస్తున్న సోనిక్ ఫ్యాన్ గేమ్ కథేంటి?

నీలం రంగు ముళ్లపంది సోనిక్ తెలుసు కదా! జపాన్ కంపెనీ సెగా 1991లో తీసుకొచ్చిన వీడియో గేమ్ హీరో. అదే సోనిక్‌తో ఫ్యాన్స్ సొంతంగా తయారు చేసుకున్న గేమ్ ఒకటుంది. పేరు సోనిక్ రోబో బ్లాస్ట్ 2. సోనిక్ టీమ్ జూనియర్ అనే అభిమానుల గ్రూప్ 1998లో దీన్ని మొదలుపెట్టింది. 2.2 వెర్షన్ 2019 డిసెంబర్‌లో వచ్చింది. కంప్యూటర్‌లో ఆడుకునే ఈ గేమ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ గోల లేదు. సోర్స్ కోడ్ కూడా ఓపెన్.

తుపాకుల గేమ్‌ నుంచి పుట్టింది

విచిత్రం ఏంటంటే.. ఈ గేమ్ నడిచేది డూమ్ ఇంజిన్ మీద. డూమ్ అంటే 1993లో వచ్చిన షూటింగ్ గేమ్. దాన్ని తయారు చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ 1997 చివర్లో సోర్స్ కోడ్‌ని బయటపెట్టింది. 1999లో జీపీఎల్ లైసెన్స్ కూడా ఇచ్చింది. అంటే ఎవరైనా ఆ కోడ్ తీసుకుని మార్చుకోవచ్చు. కాకపోతే మార్చిన గేమ్ పంచితే, దాని కోడ్ కూడా ఇవ్వాలి. డూమ్ లెగసీ అలా మార్చిందే. దాన్ని ఇంకా మార్చి సోనిక్ టీమ్ జూనియర్ తన గేమ్ కట్టుకుంది.

ఇది వినడానికి ఈజీనే. కానీ డూమ్‌లో హీరోకి జంప్ చేయడమే రాదు! పైగా అందులో మ్యాప్ అంటే ఇంటి ప్లాన్ లాంటిది. ఒక్కో చోటుకి నేల ఎంత ఎత్తు, కప్పు ఎంత ఎత్తు అని రెండు లెక్కలే ఉంటాయి. గది మీద గది కట్టడం కుదరదు. మరి ప్లాట్‌ఫామ్ గేమ్ అంటేనే గాల్లో దిమ్మెల మీద గెంతడం కదా?

అందుకే నేలకీ కప్పుకీ మధ్యలో ఇంకో పలక ఉన్నట్టు చూపించే ట్రిక్ వాడారు. గాల్లో దిమ్మెలు, వంతెనలు అన్నీ అలా వచ్చినవే. తర్వాత ఏటవాలు నేలలు కూడా చేర్చారు. సోనిక్ మాత్రం ఇప్పటికీ డూమ్ స్టైల్లో బొమ్మే. ఒక్కో కోణానికి ఒక్కో బొమ్మ గీసి, కెమెరా ఎటుంటే ఆ బొమ్మ చూపిస్తారు. స్క్రీన్‌షాట్ చూస్తే పాత గేమ్‌లా ఉంటుంది కానీ, మొదటి లెవెల్ గ్రీన్‌ఫ్లవర్ జోన్‌లో పరుగు అందుకుంటే ఆ సంగతి గుర్తుండదు.

మరి సెగా ఎందుకు ఊరుకుంది?

అసలు మెలిక ఇక్కడే ఉంది. కోడ్ ఓపెన్ అయినంత మాత్రాన సోనిక్ ఓపెన్ కాదు. సోనిక్, టెయిల్స్, నకుల్స్ పాత్రల మీద హక్కులు సెగావే. మారియో ఓనర్ నింటెండో అయితే ఇలాంటివాటిని అస్సలు సహించదు. బ్రౌజర్‌లో ఆడుకునేలా పెట్టిన ఫుల్ స్క్రీన్ మారియో అనే ఓపెన్ సోర్స్ గేమ్‌ని 2013లో తీయించేసింది. సెగా రూటు వేరు. సోనిక్ ఫ్యాన్ ప్రాజెక్టులతో పేరు తెచ్చుకున్న క్రిస్టియన్ వైట్‌హెడ్ లాంటివాళ్లతోనే 2017లో అఫీషియల్‌గా సోనిక్ మేనియా చేయించింది.

అలాగని సెగా అన్నిటికీ ఊరుకుంటుందనీ కాదు. ఏళ్ల తరబడి కష్టపడి ఫ్యాన్స్ చేసిన స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్ 2011లో రిలీజైన కొద్ది రోజులకే, డౌన్‌లోడ్ ఆపేయమంది. అంటే సోనిక్ రోబో బ్లాస్ట్ 2 వెనకున్న ఇన్నేళ్ల శ్రమకి సెగా చూసీ చూడనట్టు వదిలేయడమే దిక్కు.

రేపు సెగా వద్దంటే? సోనిక్ పేరు, బొమ్మలు తీసేయాల్సి వస్తుంది. ఇంజిన్ కోడ్ మాత్రం జీపీఎల్ కింద ఎవరైనా వాడుకోవచ్చు. ఇప్పటికే ఆ కోడ్ మీద ఎస్ఆర్‌బీ2 కార్ట్ అనే రేసింగ్ గేమ్ 2018లో, దాని తర్వాతి గేమ్ రింగ్ రేసర్స్ 2024లో వచ్చాయి. అవీ ఫ్రీయే. ఎక్కడైనా ఈ గేమ్ పేరు చెప్పి డబ్బులడిగితే, అది ఆ టీమ్ పెట్టింది కాదని అర్థం.