నైరూప్య వ్యాఖ్యానం

నైరూప్య వ్యాఖ్యానం లేదా ఎబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రెటేషన్ అనేది ఒక కంప్యూటరు ప్రోగ్రామును నడపకుండానే, అది నడిచినపుడు ఏమేమి జరగడానికి అవకాశమున్నదో ముందుగా లెక్కగట్టే గణిత పద్ధతి. ప్రోగ్రామును నడపకుండా చేసే పరిశీలనను స్థిర విశ్లేషణ అంటారు. స్థిర విశ్లేషణకు దృఢమైన సిద్ధాంత పునాది వేసినది నైరూప్య వ్యాఖ్యానమే. దీనిని ఫ్రాన్సుకు చెందిన పాట్రిక్ కూజో, రాధియా కూజో దంపతులు 1977లో లాస్ ఏంజిలెస్‌లో జరిగిన ప్రోగ్రామింగు భాషల సదస్సులో ప్రతిపాదించారు.

అవసరం

ప్రోగ్రాములోని దోషాలను పట్టుకొనడానికి అందరికీ తెలిసిన మార్గం టెస్టింగు. హైదరాబాదులో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణా కేంద్రాల బోర్డుల మీద కనిపించే టెస్టింగు కోర్సులు నేర్పేది ఈ మార్గాన్నే. కొన్ని విలువలను ఇచ్చి, ప్రోగ్రామును నడిపి, ఫలితం సరిగా ఉన్నదో లేదో చూస్తారు. అయితే 32 బిట్ల సంఖ్యలు రెండింటిని మాత్రమే తీసుకొనే చిన్న ప్రోగ్రాముకు కూడా 2⁶⁴ రకాల ఇన్‌పుట్‌లు ఉంటాయి. సెకనుకు వంద కోట్ల చొప్పున పరీక్షించినా, అన్నీ పూర్తి కావడానికి సుమారు 585 సంవత్సరాలు పడుతుంది. కాబట్టి టెస్టింగులో దోషం కనపడకపోతే దోషం లేదని అర్థం కాదు.

మరి అన్ని ప్రోగ్రాములనూ చూసి ఖచ్చితంగా తీర్పు చెప్పే మరొక ప్రోగ్రామును వ్రాయవచ్చు కదా అనిపిస్తుంది. అది అసాధ్యమని 1936లో అలన్ ట్యూరింగ్, మరింత విస్తృతంగా 1953లో హెన్రీ రైస్ నిరూపించారు. ఖచ్చితమైన సమాధానం ఎల్లప్పుడూ దొరకదు కనుక, ఉజ్జాయింపు సమాధానంతో సరిపెట్టుకోవాలి. ఆ ఉజ్జాయింపు ప్రమాదకరమైన వైపు పొరబడకుండా చూడడమే నైరూప్య వ్యాఖ్యానంలోని కీలకం.

మూల భావన

దీనికి సులభమైన ఉదాహరణ గుర్తుల లెక్క. సా.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనం (ఆస్తి), ఋణం (అప్పు) అనే పేర్లతో సంఖ్యల గుర్తులకు నియమాలు ఇచ్చాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం వస్తుంది. −3817ను −452తో గుణిస్తే వచ్చేది ధన సంఖ్య అని చెప్పడానికి గుణకారం చేయనవసరం లేదు, గుర్తులు చాలు. ఇక్కడ సంఖ్యలను వదలి వాటి గుర్తులను మాత్రమే తీసుకొనడం నైరూప్యీకరణ. గుర్తుల మీద లెక్క చేయడం నైరూప్య వ్యాఖ్యానం.

కూడికకు వచ్చేసరికి చిక్కు వస్తుంది. ధన సంఖ్యకు ఋణ సంఖ్యను కలిపితే ఫలితం ధనమా, ఋణమా, సున్నయా అన్నది గుర్తులను బట్టి తెలియదు. అపుడు విశ్లేషకం "ఏదైనా కావచ్చు" అని సమాధానమివ్వాలి. ఇది పనికిమాలిన సమాధానంగా తోచవచ్చు గాని, అబద్ధం మాత్రం కాదు. ఈ గుణాన్ని సౌష్ఠవం అనుకోవచ్చు: నిజంగా జరగగల ప్రతి సంగతీ విశ్లేషకం ఇచ్చిన సమాధానంలో ఇమిడి ఉండాలి. జరగనివి కొన్ని అందులో చేరినా ఫరవాలేదు. అసలు విలువలకూ నైరూప్య విలువలకూ మధ్య ఉండవలసిన ఈ సంబంధాన్ని కూజో దంపతులు గాల్వా అనుసంధానం అనే బీజగణిత భావనతో నిర్వచించారు. ఇరవయ్యేళ్ళకే 1832లో మరణించిన ఎవరిస్త్ గాల్వా పేరు మీదుగా ఆ పేరు వచ్చింది.

ఒక ఉదాహరణ

హైదరాబాదు మెట్రో అమీర్‌పేట - ఎల్.బి.నగర్ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దానిలో మలక్‌పేట నుండి తూర్పుగా వెళితే న్యూ మార్కెట్, సైదాబాద్‌కు దగ్గరలోని మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ వస్తాయి. మలక్‌పేటతో కలిపి మొత్తం ఏడు. ఈ పేర్లను వరుసగా చూపించే ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందాము (ఇది ఉదాహరణకు కల్పించినదే, మెట్రోలో వాడేది కాదు). పట్టికలో మలక్‌పేట స్థానం 0, ఎల్.బి.నగర్ స్థానం 6.

1. స్థానం = 0
2. స్థానం < 7 అయినంతవరకు 3, 4 పంక్తులను మరలా మరలా చేయి
3. పేరు[స్థానం] చూపించు
4. స్థానం = స్థానం + 1

పట్టిక హద్దు దాటి చదవడం సాఫ్ట్‌వేరు భద్రతకు సంబంధించిన అతి పాత దోషాలలో ఒకటి. ఇక్కడ అది జరగదని ఎలా చెప్పాలి? విశ్లేషకం ప్రతి చలరాశికీ ఒక అంతరాన్ని, అంటే కనిష్ఠ, గరిష్ఠ విలువల జతను గుర్తుంచుకొంటుంది. 2వ పంక్తికి మొదటిసారి వచ్చినపుడు స్థానం [0, 0]. ఒక చుట్టు తిరిగాక [0, 1]. తరువాత [0, 2]. ఏడు చుట్లయితే ఓపికగా తిరగవచ్చు గాని, చుట్లు కోటి ఉండవచ్చు, అసలు అంతం లేకపోవచ్చు. అందువలన పై హద్దు పెరుగుతున్నదని గమనించగానే విశ్లేషకం దానిని ఒక్కసారిగా అనంతానికి తోసివేస్తుంది: [0, ∞]. దీనిని విస్తరణ అంటారు. విశ్లేషణ తప్పక ముగుస్తుందనే హామీ దీనివలననే లభిస్తుంది.

ఆపైన 2వ పంక్తిలోని షరతును వర్తింపజేస్తే లోపలి పంక్తులలో స్థానం [0, 6] అవుతుంది. ఒకటి కలిపితే [1, 7]. మొదటి సున్నాతో చేర్చితే 2వ పంక్తి వద్ద [0, 7]. ఇంకా తిప్పినా మారదు. మారని ఈ స్థితిని స్థిర బిందువు అంటారు. 3వ పంక్తి వద్ద [0, 6] కాబట్టి హద్దు దాటడం ఎన్నటికీ జరగదని నిరూపణ అయినట్లే. ప్రోగ్రామరు పొరపాటున "స్థానం ≤ 7" అని వ్రాసి ఉంటే 3వ పంక్తి వద్ద [0, 7] వచ్చి, విశ్లేషకం హెచ్చరిక ఇచ్చేది.

తప్పుడు హెచ్చరికలు

పై ప్రోగ్రాములోనే ఇంకా చేరవలసిన స్టేషన్లను లెక్కించడానికి "మిగిలినవి = 7 − స్థానం" అని చేర్చి, చివరి స్టేషను పేరు కోసం పేరు[స్థానం + మిగిలినవి − 1] అని వ్రాశామనుకొందాము. స్థానం ఏదైనా ఆ మొత్తం ఎప్పుడూ 6 మాత్రమే. కాని స్థానం [0, 6] అనీ, మిగిలినవి [1, 7] అనీ విడివిడిగా గుర్తుంచుకొన్న విశ్లేషకానికి వచ్చేది [0, 12]. అది హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక తప్పు. ఆచరణలో ఈ పద్ధతికి ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే. వందలాది తప్పుడు హెచ్చరికల మధ్య నిజమైన ఒక్క హెచ్చరికను చూసే ఓపిక ఏ ఇంజనీరుకూ ఉండదు.

దీనికి మందు, చలరాశుల మధ్య సంబంధాలను కూడా గుర్తుంచుకొనడం. 1978లో పాట్రిక్ కూజో, నికొలా హాల్బ్‌వాక్స్ బహుతలకాల పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇది చాలా సూక్ష్మమైనదే గాని, చలరాశులు పెరిగేకొద్దీ ఖర్చు ఘాతీయంగా పెరుగుతుంది. 2001లో ఆంత్వాన్ మినే మధ్యేమార్గంగా అష్టభుజుల పద్ధతిని రూపొందించాడు. ఇందులో రెండేసి చలరాశుల కూడిక లేదా తీసివేతకు మాత్రమే హద్దులు ఉంచుతారు. పట్టే సమయం చలరాశుల సంఖ్య యొక్క ఘనానికి అనులోమంగా ఉంటుంది. పై తప్పుడు హెచ్చరికను తొలగించడానికి ఇది చాలు.

హైదరాబాదు ఐఐటీ ఆచార్యుడు రామకృష్ణ ఉపద్రష్ట ఈ మధ్యేమార్గాన్నే కంపైలర్లకు మళ్ళించాడు. ప్రోగ్రాములోని చుట్లను సమాంతరంగా నడిపేందుకు వీలుగా అమర్చే పనిలో బహుతలకాల ఖర్చు పెద్ద అడ్డంకి. ఒక్కొక్క అసమీకరణంలో రెండు చలరాశులకు మించకుండా ఉండే ఉపబహుతలకాలతో ఆ పనిని వేగంగా చేయవచ్చునని, ఆల్బర్ట్ కోహెన్‌తో కలిసి 2013లో ఆయన ప్రచురించాడు. కూజోల తొలి పత్రం వెలువడినది కూడా ఇదే సదస్సు వరుసలో.

వినియోగం

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలోనే, బయలుదేరిన 40 సెకన్ల లోపు నాశనమైనది. దానితోపాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు పోయాయి. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట, విలువ 32,767ను మించిపోవడమే కారణం. ఆ ప్రోగ్రాము ఏరియన్ 4లో ఏ చిక్కూ లేకుండా పనిచేసినదే. కొత్త రాకెట్టు అడ్డవేగం ఎక్కువ. విచిత్రమేమంటే రాకెట్టు నేల విడిచాక ఆ లెక్కతో పనే లేదు. ఒక విలువ ఏ అంతరంలో ఉండగలదు అన్న ప్రశ్న నైరూప్య వ్యాఖ్యానం వేసే మొదటి ప్రశ్న. అటుతరువాత ఏరియన్ 5 సాఫ్ట్‌వేరును అలెన్ డాయిష్ రూపొందించిన విశ్లేషకంతో పరిశీలించారు. ఆ కృషి నుండే 1999లో పాలీస్పేస్ సంస్థ పుట్టింది. 2007లో దానిని మ్యాథ్‌వర్క్స్ కొనుగోలు చేసింది.

పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో 2001లో మొదలైన ఆస్త్రే విశ్లేషకం ఈ రంగంలో మైలురాయి. 2003 నవంబరులో అది ఎయిర్‌బస్ ఎ340 విమానపు ప్రధాన నియంత్రణ సాఫ్ట్‌వేరు (సీ భాషలో 1,32,000 పంక్తులు) నడుస్తుండగా సున్నాతో భాగహారం, హద్దు దాటడం వంటి దోషాలు రావని గంటా ఇరవై నిమిషాలలో నిరూపించింది. ఒక్క తప్పుడు హెచ్చరిక కూడా రాలేదు. 2011లో వెలువడిన డీఓ-333 ప్రమాణపత్రం విమాన సాఫ్ట్‌వేరు ధ్రువీకరణలో అంగీకారయోగ్యమైన పద్ధతులలో ఒకటిగా నైరూప్య వ్యాఖ్యానాన్ని పేర్కొన్నది.

సామాన్యుల చేతిలోని యంత్రాలలోనూ ఇది ఉన్నది. లినక్స్ కెర్నెల్ లోపల నడిచే ఈబీపీఎఫ్ ప్రోగ్రాములను ముందుగా ఒక తనిఖీదారు పరిశీలిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా ఈ సదుపాయాన్ని వాడుకొంటాయి. ఈ తనిఖీదారు అంతరాలతోపాటు, ఒక్కొక్క బిట్‌నూ 0, 1, తెలియదు అనే మూడు స్థితులలో గుర్తుంచుకొంటుంది. ఇక్కడ సౌష్ఠవం తప్పితే ఎంత ముప్పో 2020 మార్చిలో పోన్2ఓన్ పోటీలో బయటపడింది: తనిఖీదారు 32 బిట్ల హద్దులను లెక్కించడంలో ఉన్న లోపాన్ని వాడుకొని, ఒక పోటీదారు సాధారణ వాడుకరి స్థాయి నుండి కంప్యూటరుపై పూర్తి అధికారాన్ని సంపాదించాడు. 2022లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సంతోష్ నాగరకట్టె, శ్రీనివాస్ నారాయణ, వారి విద్యార్థులు మూడు స్థితుల కూడిక, తీసివేతలు సౌష్ఠవం కలవేనని గణితపరంగా నిరూపించి, గుణకారానికి మరింత మెరుగైన పద్ధతిని ప్రచురించారు. ఆ గుణకార పద్ధతి లినక్స్ కెర్నెల్‌లో చేరింది.