పాచిలోని అన్నదాతలు

వరిమడిలో నీరు నిలిచిన కొలది దినములకే దానిపై పచ్చని పొర యొకటి యేర్పడును. దానిని మనము పాచి యందుము. పొరుగున కన్నడిగులును పాచి యనియే యందురు. తమిళులు పాసి యందురు. పేరు తెలిసినంత మాత్రమున దాని పని తెలిసినదని తలపరాదు. ఆ పొరలో ఒక తెగ జీవులు మరియొక తెగకు ఆహారము సమకూర్చుచున్నవి. ఆ సంగతిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచట వివరింపదలచితిమి.

పాచి యంతయు ఒకటి గాదు. సూక్ష్మదర్శినితో చూచినచో క్లోరెల్లా వంటి ఆకుపచ్చని ఏకకణ జీవులును, గాజువంటి పెంకు గల డయాటములును కానవచ్చును. ఇవి సూక్ష్మశైవలములు. వీని నడుమ పూసలదండలవలె నుండునవి నీలిహరిత జీవులు. పూర్వము వీనిని కూడ శైవలము లనియే పిలిచిరి గాని, కణములో కేంద్రకము లేనందున నేడు బాక్టీరియాలలో చేర్చుచున్నారు. ఎనాబీనా, నాస్టాక్ అనునవి వీనిలో ప్రసిద్ధములు.

ప్రతి కణమునకును మాంసకృత్తులు నిర్మించుకొనుటకు నత్రజని వలయును. గాలిలో 78 శాతము నత్రజనియే. అయినను క్లోరెల్లాకు గాని వరిపైరునకు గాని అది నేరుగా ఉపయోగపడదు. ఏలయన, నత్రజని అణువులోని 2 పరమాణువులు 3 బంధములతో గట్టిగా పెనవేసికొని యున్నవి. చుట్టును ధాన్యపు కొట్లున్నను తాళపుచెవి లేనివాని స్థితి వానిది. ఆ తాళపుచెవి ఎనాబీనా వంటి వానికడ కలదు. అది నైట్రోజినేజ్ అను ఎంజైము.

ఇచట ఒక చిక్కు కలదు. ఆ ఎంజైమును ప్రాణవాయువు పాడుచేయును. ఎండలో ఆహారము చేసికొను కణమో, ప్రాణవాయువునే వెలువరించును! కావున ఎనాబీనా పని పంచుకొన్నది. దండలో సుమారు 10 కణముల కొకటి మందపు గోడ కట్టుకొని, ప్రాణవాయువును పుట్టించుట మాని, నత్రజనిని అమ్మోనియాగా మార్చు పనికే పూనుకొనును. ప్రక్క కణములు దానికి చక్కెర నందించును. ఇట్లు తయారైన నత్రజని పదార్థములు కొంత నీటిలోనికి స్రవించును. ఆ జీవులు చచ్చి కుళ్లినపుడు మరికొంత వెలువడును. దానిని గ్రహించి ఇరుగుపొరుగు సూక్ష్మశైవలములు పెరుగును.

సముద్రమున ఈ పొత్తు మరింత దగ్గరిది. రిచీలియా అను నీలిహరిత జీవి కొన్ని డయాటముల పెంకులోపలనే కాపురముండును. అది సంపాదించిన నత్రజనిలో అధికభాగము డయాటమునకే చేరుచున్నదని 2011 లో శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అట్టి జీవి యొకటి బ్రారుడోస్ఫేరా అను సముద్ర సూక్ష్మశైవలమున తరతరములుగా నివసించి, తుదకు ఆ కణమున కొక అంగముగనే మారినదని 2024 లో వెల్లడియైనది.

మరల మన పొలమునకు వత్తము. నీరు నిలిచిన వరిపొలములలో గాలినుండి నత్రజని చేరుటకు నీలిహరిత జీవులే ముఖ్యకారణమని 1939 లో పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు చూపెను. అంతమాత్రమున ఎరువులన్నియు మానవచ్చునని మేము చెప్పుట లేదు; అధికఫలసాయము నిచ్చు పైరు కోరునంత నత్రజనిని ఇవి ఒంటిగా ఈయజాలవు. కాని యూరియా మెండుగా చల్లిన మడిలో ఇవి తమ పని తగ్గించుకొనును. వండిన అన్నము ఎదుట నుండగా పొయ్యి రాజవేయువా రెవరు?

హెచ్చరిక యొకటి కలదు. నీలిహరిత జీవులన్నియు మేలు చేయునవి కావు. మురుగు చేరిన చెరువులలో మైక్రోసిస్టిస్ వంటివి దట్టముగా పెరిగి విషము పుట్టింపవచ్చును. అట్టి నీటిని త్రాగరాదు, పశువులకు పెట్టరాదు. కాచినను ఆ విషము పోదు.

తలిదండ్రులకు మా మనవి: మడిలోని పాచిని తీసి పారవైచుటకు ముందు, దానిని కొంచెము సీసాలో పోసి పిల్లలచేత బడికి పంపుడు. ఆ పూసలదండను, అందు వేరుగా కనబడు మందపు గోడ కణమును ఒకసారి తమ కన్నులతో చూచిన బాలబాలికలు ఈ పాఠమును మరువరు.