గ్రంథాలయ కంప్యూటర్‌కు కంచె ఎవరు వేయాలి?

హన్మకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం కాలం నుంచి ఓరుగల్లు ప్రాంతంలో తెలుగు గ్రంథాలయం చదువుకునే చోటుగానే కాక నలుగురూ కూడి మాట్లాడుకునే చోటుగా కూడా ఎదిగినందువల్ల నిజాం ప్రభుత్వం దానిని అనుమానంతో చూసింది. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు నీడ గ్రంథాలయ సభల మీదా పడింది. అయితే ఆ ఆంక్షను విధించినదెవరో జనానికి తెలుసు. నేటి గ్రంథాలయ కంప్యూటర్‌లో అమర్చిన ఆంక్ష విషయంలో పాఠకుడికి ఆ మాత్రం సమాచారం కూడా దక్కదు.

ఫిల్టర్, అంటే వడపోత సాఫ్ట్‌వేర్, నిషేధిత వెబ్‌సైట్ల జాబితాను బట్టి గానీ పేజీలోని పదాలను బట్టి గానీ దారి మూసివేస్తుంది. పదాన్ని గుర్తించినా సందర్భాన్ని గ్రహించలేదు కనుక అశ్లీలంతోపాటు రొమ్ము క్యాన్సర్, గర్భనిరోధం గురించిన వైద్య సమాచారాన్నీ అది ఆపేయవచ్చు. పైగా ఇప్పుడు చాలా సైట్ల సమాచారం ఎన్‌క్రిప్షన్‌తో, అంటే మధ్యలో ఎవరూ చదవలేని సంకేత రూపంలో ప్రయాణిస్తుండగా, నెట్‌వర్క్‌లోని ఫిల్టర్‌కు సాధారణంగా సైటు పేరే తప్ప లోపలి పేజీ కనబడదు. ఒక్క పేజీని ఆపాలన్నా సైటు మొత్తాన్నీ మూయవలసి వస్తుంది.

అమెరికా 2000లో చేసిన చట్టం, కేంద్ర నిధులతో ఇంటర్నెట్ పొందే గ్రంథాలయాలకు ఫిల్టర్‌ను షరతుగా విధించింది. అక్కడి సుప్రీంకోర్టు 2003లో దానిని సమర్థిస్తూ, పెద్దలు అడిగితే అడ్డు తొలగించే వీలుండడాన్ని పరిగణనలోకి తీసుకుంది. ఫిల్టర్ పెట్టడం పుస్తకాల ఎంపిక లాంటిదేనన్న వాదన కూడా ఆ కేసులో వినిపించింది గానీ, అది నిలవదు: ఏ పుస్తకం కొనాలో గ్రంథపాలకుడు ఆలోచించి నిర్ణయిస్తాడు, ఫిల్టర్ జాబితానైతే ఎక్కడో ఉన్న కంపెనీ తయారుచేస్తుంది, దానిని గ్రంథపాలకుడు కూడా చూడలేకపోవచ్చు.

భారతదేశంలో వెబ్‌సైట్లను నిలిపివేయించే అధికారాన్ని ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015లో ఈ సెక్షన్‌ను నిలబెట్టినా, దేశ భద్రత, ప్రజాశాంతి వంటి నిర్దిష్ట కారణాలు ఉండాలనీ, వాటిని రాతపూర్వకంగా నమోదు చేయాలనీ గుర్తుచేసింది. కేంద్రానికే ఇన్ని హద్దులున్నప్పుడు, ఇంటి పన్నుతోపాటు జనం చెల్లించే గ్రంథాలయ సెస్సుతో నడిచే సంస్థ కారణం చెప్పకుండా దారి మూయడం న్యాయం కాదు.

ఓరుగల్లు ప్రాంతంలో 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ ప్రశ్న ముఖ్యంగా సొంత కంప్యూటర్ లేని ఉద్యోగార్థులకు, తండాల నుంచీ గూడేల నుంచీ వచ్చే విద్యార్థులకు, ఇంట్లో అడగలేని ఆరోగ్య సందేహం ఉన్న యువతులకు సంబంధించినది. పిల్లల కంప్యూటర్లకు ఫిల్టర్ అవసరమే. పెద్దలవాటికి దానిని పెట్టదలిస్తే ఏయే రకాల సైట్లు ఆపుతున్నారో గోడపై తెలుగులో రాసిపెట్టాలి, అడ్డు తొలగించమని అడిగినవారిని ఎందుకని ప్రశ్నించకూడదు, తొలగించే అధికారం అక్కడి గ్రంథపాలకుడికే ఉండాలి. పైవారికి ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసేలోగా ఉద్యోగ దరఖాస్తు గడువు దాటిపోతుంది.